నేలయుసిరికయు కామెర్ల చికిత్సయు

తొలకరి వానలు కురిసి నేల మెత్తబడిన కొలది దినములకే, పొలముగట్ల మీదను, పెరటిగోడల మొదళ్లను, కొబ్బరితోటల నీడలలోను, పట్టణములలో సైతము కాలువగట్టుల పగుళ్లలోను, ఎవరును విత్తకయే, ఎవరును నీరు పోయకయే, జానెడు మొదలు మూరెడు వరకు పెరుగు ఒక చిన్న మొక్క కనబడును. దాని సన్నని రెమ్మలకు ఇరువైపుల వరుసగా అమరిన చిట్టి యాకులు చింతాకును స్ఫురింపజేయును. రెమ్మను వెనుకకు త్రిప్పి చూచినచో ఆవగింజకంటె కొంచెము పెద్దవైన పచ్చని కాయలు బారులు తీరి వ్రేలాడుచుండును. అవి ఆకారమున ఉసిరికాయను బోలియుండుటచేత జనులు దీనిని నేలయుసిరిక యనిరి, సంస్కృత వైద్యగ్రంథములందు ఇది భూమ్యామలకి, తామలకి, బహుపత్ర యను నామములతో వ్యవహరింపబడినది, అరవదేశమున కీళానెల్లి. రైతునకు ఇది కలుపు. కాని ఇంట ఎవరికైనను కన్నులు పచ్చబడినచో కలుపు తీయు చేతులే దీనిని వెదకుకొనుచు పోవును.

ఈ మొక్క కామెర్లకు మందా, కాదా యను విషయమున మన దేశమందు చిరకాలముగా రెండు పక్షములు గలవు. తాతల నాటినుండి వేలమంది దీని పసరు త్రాగి కోలుకొనిరి గనుక ఇంకొక నిదర్శన మెందులకని ఒక పక్షమువారు వాదింతురు. ఆకుపసరులన్నియు అజ్ఞానపు శేషములని, వానిచేత కాలేయము చెడుట తప్ప బాగుపడుట లేదని రెండవ పక్షమువారు ఈసడింతురు. ఉభయులును విచారము నడుమనుండి మొదలుపెట్టుచున్నారు. ఏ నేలయుసిరిక, ఏ కామెర్లకు అను రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుకొననిదే, మందా కాదా యను మూడవ ప్రశ్నకు అర్థమే లేదు. ప్రాచీన వైద్యులు ఈ మొదటి ప్రశ్నలను విడువలేదు, విడిచినవారము మనము. మందును మాత్రము వారి యొద్దనుండి తీసికొని, దానికి ముందు వారు చేసిన రోగనిదానమును అటకయెక్కించితిమి. ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపగోరునది ఇంతే.

మొక్క సంగతి మొదట చూతము. కొచ్చిన్‌లో డచ్చివారి పక్షమున అధికారియై యుండిన వాన్ రీడ్ కూర్పగా, 1678 మొదలు 1693 వరకు ఆంస్టర్‌డాము నగరమున పండ్రెండు సంపుటములుగా వెలువడిన హోర్టస్ మలబారికస్ అను మహాగ్రంథమునందు మలయాళదేశపు పేరుతోడనే ఇట్టి మొక్క చిత్రింపబడియున్నది. 1753లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఫిల్లాంథస్ నిరూరి యను నామమును ప్రవేశపెట్టెను. తరువాత వచ్చిన ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞులు భారతదేశపు నేలయుసిరికను ఆ నామమునందే చేర్చివైచిరి. వైద్యగ్రంథకర్తలు వారిని అనుసరించిరి. ఈనాటికిని మందుసీసాల మీద అనేకచోట్ల ఆ నామమే కనబడుచుండును. కాని ఇరువదవ శతాబ్దిలో పునఃపరిశీలనము జరుగగా, అసలు నిరూరి అమెరికా ఖండపు మొక్క యనియు, మనదేశమున ఆ పేరున చెలామణియగుచున్నవి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అను మూడు వేర్వేరు జాతులనియు తేలినది. 1985లో మిత్ర, జైన్ అను మన వృక్షశాస్త్రజ్ఞు లిరువురు ఈ సంగతిని విపులముగా చర్చించి ప్రకటించిరి.

ఈ జాతులను గుర్తించుటకు భూతద్దమును కొంత ఓర్పును చాలును. అమారస్ పూవునకు రేకులవంటి దళములు ఐదు. ఫ్రాటెర్నస్ పూవునకు ఆరు. వీనితోడ తరచుగా కలిసి పెరుగు యూరినేరియా యను నాల్గవ దానికి కాయలు తొడిమ లేక రెమ్మకే అంటుకొని, పైన గరుకుగా నుండును. అమారస్ కాయ నున్నగా, చిన్న తొడిమతో నుండును. మూలికల యంగడిలో ఎండిన నేలయుసిరిక కట్టను కొని విప్పిచూచువారికి ఇవి యన్నియు ఒకే కట్టలో కలిసియుండుట అబ్బురము కాదు. వీనిలోని ద్రవ్యములు సమానములు కావు. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అను ద్రవ్యములు కాలేయమునకు మేలుచేయునవిగా ప్రయోగశాలలందు పేరొందినవి. అవి అమారస్ నందు హెచ్చుగాను, తక్కినవానిలో తక్కువగానో, లేకయో ఉండును. కావున ఒక యూరి పసరును, ఇంకొక యూరి పసరును ఒకే మందని తలచుటకు వీలులేదు.

ఇచ్చట ఒక చిన్న ముచ్చట చెప్పక తప్పదు. నేడు మన పెరళ్లలో విరివిగా దొరకు అమారస్ కూడ అమెరికా ఉష్ణప్రదేశములనుండి సముద్రములు దాటి వచ్చిన మొక్కయే యని పలువురు వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. మిరపకాయయు, జామయు వచ్చిన త్రోవనే ఇదియు వచ్చియుండిన పక్షమున, చరకుడు ఎరిగిన తామలకి ఇది కానేరదు. అది ఫ్రాటెర్నస్ కావచ్చును, దాని జ్ఞాతులలో వేరొకటి కావచ్చును. మూడువేల యేండ్ల అనుభవమని మనము గర్వముతో చెప్పుకొను దానిలో కొంతభాగము వేరొక మొక్కకు చెందియుండుట అసంభవము కాదన్నమాట.

ఇక ప్రాచీన గ్రంథములు. తామలకికి చరకసంహితయందు గౌరవస్థానము గలదు. కాని కామెర్లమందని తలచి ఆ గ్రంథమును విప్పినవానికి ఆశ్చర్యము కలుగును. చరకుడు సూత్రస్థానమున ఔషధములను పదేసి చొప్పున గుంపులు చేసినపుడు తామలకిని చేర్చినది దగ్గును హరించు గుంపులోను, ఆయాసమును హరించు గుంపులోను. చ్యవనప్రాశమున పడు అనేక ద్రవ్యములలో కూడ ఇది యొకటి. పదునాఱవ శతాబ్దివాడని చెప్పబడు భావమిశ్రుడు సైతము దీనిని చలువచేయునదిగా, దప్పికను దగ్గును రక్తపిత్తమును అణచునదిగా వర్ణించెను. కామలారోగమునకు చరకుడు చెప్పిన సులభయోగమున, ప్రాతఃకాలమున తేనెతో పుచ్చుకొనవలసిన రసములుగా పేర్కొనబడినవి త్రిఫల, తిప్పతీగ, మానుపసుపు, వేప. నేలయుసిరిక ఆ వరుసలో లేదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి గలదు. పాండురోగ చికిత్సను చెప్పు అధ్యాయముననే చరకుడు కామలను గూర్చి చెప్పుచు, కన్నులు, చర్మము, గోళ్లు పసుపురంగు దాల్చిన ప్రతివానికి ఒకే చికిత్స విధింపలేదు. పిత్తము మిక్కుటమై ప్రకోపించినందువలన కలుగు కామల యొకటి. దానికి మృదువైన విరేచనములతో పిత్తమును వెడలింపవలెను. రోగి నూరిన నువ్వులపిండి వలె తెల్లబారిన మలమును విసర్జించుచున్నచో అది వేరొక కామల; అందు పిత్తము పోవు మార్గము శ్లేష్మముచే మూయబడినదని ఆయన నిర్ణయించి, దానికి పూర్తిగా భిన్నమైన క్రమమును చెప్పెను. పిత్తాశయపు రాయిచేతనో, కంతిచేతనో పైత్యరసనాళము మూసికొనిపోయినచో మలము వెలవెలబోవునని నేటి వైద్యవిద్యార్థి చదువుకొనుచున్నాడు. సూక్ష్మదర్శినియు, రక్తపరీక్షయు లేని కాలమున మలము రంగును చూచి ఇంతటి భేదమును కనిపెట్టుట సామాన్యమైన ప్రజ్ఞ కాదు. ఆయుర్వేదమును తలకెత్తుకొనువారు నిజముగా తలకెత్తుకొనవలసినది ఈ భాగమును. కాని మన యూళ్ళలో పసరు పోయువారిలో, మలము ఏ రంగున నున్నదని రోగిని అడుగువారు ఎందరు?

నేలయుసిరికకు కామెర్ల కీర్తి ఎప్పుడు వచ్చినను, దానికి దేశవైద్యులును, సిద్ధవైద్యులును, గృహిణులును కారకులు. అరవదేశమున కీళానెల్లి పేరు చెప్పిన వెంటనే పసిబాలుడు సైతము కామెర్లని చెప్పును. ఆంధ్రదేశమున బసవరాజీయము వైద్యులకు ఆధారమై యుండగా, వస్తుగుణదీపిక వంటి తెలుగు పుస్తకములు సాధారణ గృహస్థుల చేతికి అందినవి. ఇట్టి పుస్తకములచేత కలిగిన మేలు అపారము. కొరతయు నొకటి కలదు. మూలిక పేరు, దాని క్రింద అది పోగొట్టు రోగముల పేర్లు అను క్రమమున వ్రాయబడిన గ్రంథమున రోగనిర్ణయమునకు చోటుండదు. వైద్యుని చేతిలో నున్నంత కాలము ఆ కొరత తెలియరాదు. వైద్యుడు లేని ఇంట అదియే ప్రధానమగును.

ఇంటిలో మందు తయారుచేయు పద్ధతి ప్రాంతమునకొక తీరుగ నుండును. సామాన్యముగా మొక్కను వేరుతో పెరికి, మన్ను పోవునట్లు కడిగి, రోట మెత్తగా నూరి, ఆ ముద్దను పుల్లని మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి తెల్లవారుజామున పరగడుపున ఇత్తురు. మూడు, ఐదు, ఏడు దినములు ఇత్తురు. కొందరు దీనికి గుంటగలగర ఆకును, కొందరు లేత ఆముదపాకును జతచేయుదురు. ఉప్పు, కారము, నూనె, పసుపు మాన్పించి చప్పిడి పథ్యము పెట్టుదురు. ఊరికొక కుటుంబమున ఈ మందు వంశపారంపర్యముగా వచ్చుచుండుటయు, ఆకు పేరు బయటపెట్టినచో గుణము పోవునను నమ్మకముతో దానిని దాచుటయు, ఏ వారమునాడో మాత్రమే ఇచ్చుటయు, రోగి యొద్ద కాసు పుచ్చుకొనకుండుటయు తెలుగువారందరికి పరిచితమైన యాచారములు. డబ్బు తీసికొనని ఈ ధర్మబుద్ధిని నేను మనసార గౌరవింతును. మందును రహస్యముగా నుంచుటను మాత్రము గౌరవింపజాలను. ఏమి త్రాగినదియు తెలియని రోగి, తరువాత విషమించి ఆసుపత్రికి చేరినపుడు, వైద్యునకు చెప్పగలిగినది ‘పసరు’ అను ఒక్క మాట మాత్రమే.

ఈ ధర్మాత్ములతోపాటు వేరొక తెగవారును కలరు. రోగి చేతులకు ఏదియో రసము రుద్ది, పళ్లెములోని సున్నపునీటిలో కడిగించి, ఆ నీరు పచ్చబడగా, అదిగో కామెర్లు దిగిపోవుచున్నవని చూపుదురు. ఆ రుద్దిన రసము మామిడిబెరడుది. మామిడిబెరడు రసమును సున్నపుతేటలో కలిపినచో, ఆరోగ్యవంతుని చేతినుండియైనను, గోడనుండియైనను అదే పసుపు రంగు దిగును. మణికట్టు మీద వాత పెట్టుట, ముక్కులో కంటిలో పసరు పిండుట అను క్రూరకృత్యములను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఇవి నేలయుసిరిక తప్పులు కావు. కాని దాని నీడన బ్రదుకుచున్నవి.

ఇప్పుడు రోగమునకు వత్తము. కామెర్లు ఒక రోగము కాదు. అనేక రోగములకు సమానమైన ఒక చిహ్నము. మన రక్తములోని ఎఱ్ఱకణము ఇంచుమించు 120 దినములు జీవించి నశించును. అది నశించినపుడు దానిలోని రంగుపదార్థమునుండి బిలిరుబిన్ అను పసుపుద్రవ్యము పుట్టును. కాలేయము దానిని గ్రహించి, మార్పుచేసి, పైత్యరసముతో ప్రేగులోనికి పంపును. మలమునకు రంగు దానివలననే వచ్చుచున్నది. రక్తమున ఇది సాధారణముగా డెసిలీటరునకు 1 మిల్లిగ్రాము లోపల నుండును. రెండు మూడు మిల్లిగ్రాములకు హెచ్చినచో కంటి తెల్లగుడ్డు పచ్చబడును. ఆ హెచ్చుటకు కారణములు మూడు తావుల నుండవచ్చును. మలేరియా యందును, మన మన్యప్రాంతపు గిరిజనులలో కొందరికి పుట్టుకతో వచ్చు కొడవలికణ వ్యాధియందును ఎఱ్ఱకణములు అకాలముగా పగిలిపోవును. క్రిమివలననో, మద్యమువలననో, మందులవలననో కాలేయమే దెబ్బతినును. లేదా కాలేయము దాటిన తరువాత నాళము రాయిచేతనో, క్లోమగ్రంథి పుట్టకురుపుచేతనో మూసికొనిపోవును. ఇన్నింటికి బయట కనబడునది ఒకే పసుపు రంగు.

వీనిలో మన దేశమున మిక్కిలి తరచుగా కనబడునవి, కలుషితమైన నీటివలనను ఆహారమువలనను వ్యాపించు ఎ, ఇ అను రెండు తెగల హెపటైటిస్ క్రిములు. 1955 - 56 శీతకాలమున ఢిల్లీనగరపు త్రాగునీటిలో యమునానది మురుగు కలిసినపుడు సుమారు 29,000 మందికి కామెర్లు పుట్టినవి. ఆనాడు భద్రపరచిన రక్తమును బట్టి అది ఇ క్రిమి పని యని దశాబ్దముల తరువాత తెలియవచ్చినది. ఈ రెండు తెగల కామెర్లు, ఇతర దౌర్బల్యములు లేని మనుష్యునకు, ఏ మందును లేకయే కొన్ని వారములలో వానియంతట అవియే శమించును. సరిగా ఆ శమించు వారములలోనే రోగి పసరు త్రాగును. మొదట జ్వరము, అన్నద్వేషము, వాంతులు. తరువాత కన్నులు పచ్చబడుట. కన్నులు పచ్చబడునాటికి జ్వరము తగ్గి, రోగము తన యుచ్చదశను సమీపించుచుండును. ఆ సమయమున పరగడుపున పుచ్చుకొన్న ఏ ద్రవ్యమునకైనను, అది మంచినీరైనను, వారము పదిదినములలో ఆకలి పుట్టించిన ఖ్యాతి దక్కును. వేలమంది కోలుకొనిరన్న మాట సత్యము. కోలుకొననివారిని, అనగా వేరొక తెగ కామెర్లు గలవారిని, మందిచ్చినవాడు మరల చూడడు. వారు పట్టణమునకు పోవుదురు. వారి లెక్క ఆ ఇంటి కీర్తిలో చేరదు.

ఇంతమాత్రముచేత మొక్క వ్యర్థమని తేలినదా? తేలలేదు. ప్రయోగశాలల కథ ఇచ్చట ఆసక్తికరము. హెపటైటిస్ బి క్రిమి పైపొర పదార్థమును కనిపెట్టి 1976లో నోబెలు బహుమానమును పొందిన బరూక్ బ్లూంబర్గ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆ క్రిమికి మందును వెదకుచు ప్రపంచమందలి జానపద వైద్యములను గాలించి, నేలయుసిరిక మీద దృష్టి నిలిపెను. దాని సారము ఆ క్రిమి వృద్ధికి వలసిన ఒక కిణ్వమును నిరోధించుచున్నదని 1987లో ఆయన బృందము ప్రకటించెను. మరుసటి సంవత్సరము, మద్రాసులో త్యాగరాజన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును బ్లూంబర్గ్‌తో కలిసి, ఈ క్రిమిని చిరకాలముగా రక్తమునందు మోయుచున్నవారికి అమారస్ పొడిని 30 దినములు ఇచ్చి, ఫలితమును లాన్సెట్ పత్రికలో ప్రచురించిరి. మందు తిన్న 37 మందిలో 22 మందికి, అనగా నూటికి 59 మందికి, క్రిమి చిహ్నము రక్తమునుండి తొలగిపోయినది. ఉత్తపొడి తిన్న 23 మందిలో ఒక్కనికే తొలగినది. ఈ చిహ్నము తనంతట తొలగుట ఏడాదికి నూటికొకరికి జరిగిన గొప్ప. కావున లోకమంతయు ఉలికిపడినది.

ఆ యుత్సాహము చిరకాలము నిలువలేదు. థాయిలాండులో, న్యూజిలాండులో అదే జాతి మొక్కను ఇచ్చిచూచినవారికి అట్టి ఫలితము లభింపలేదు. మొక్క పెరిగిన నేలను, కోసిన ఋతువును, ఎండబెట్టిన తీరును బట్టి సారము మారునని అనుకూలపక్షమువారు సమాధానము చెప్పిరి. ఈ సమాధానము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. మూలికను ఏ కాలమున, ఏ నేలనుండి తీయవలెనో మన పూర్వులును నియమించిరి. కాని ఆ సమాధానము నిజమైనచో అది ఇంటివైద్యమునకు ఉపకరించు వాదము కాదు, దానికి ప్రతికూలమైన వాదము: శాస్త్రజ్ఞులు తూచి, పొడిచేసి, గొట్టములలో నింపి ఇచ్చినను నిలుకడలేని గుణము, పెరటిలో పెరికిన గుప్పెడు మొక్కలో నిలుకడగా నుండునని ఎట్లు చెప్పగలము? ప్రపంచమునందు జరిగిన పరీక్షల నన్నింటిని ప్రోగుచేసి తూచు కాక్రేన్ సంస్థవారు 2011లో, దీర్ఘకాలపు బి కామెర్లకు నేలయుసిరిక జాతులు పనిచేయునని నమ్ముటకు తగిన నిదర్శనము లేదని, జరిగిన పరీక్షలలో అనేకము నాసిరకమైనవని తీర్మానించిరి. స్వల్పకాలపు కామెర్లయందు, అనగా మన ఇండ్లలో దీనిని నిజముగా వాడు తెగయందు, కేరళమున జరిగిన ఒక పరీక్షలో కూడ రోగకాలము చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఎలుకలకు కాలేయవిషమును ఇచ్చి, వెంట ఈ సారమును ఇచ్చినచో కాలేయము కొంత రక్షింపబడునను ప్రయోగములు మాత్రము విస్తారముగా గలవు. ఎలుక గెలుపు మనుష్యుని గెలుపు కాదు; ఐనను శోధన కొనసాగింపదగిన ద్రవ్యమని చెప్పుటకు అవి చాలును.

మూత్రపిండములలోని రాళ్లకు దీనిని బ్రెజిలు దేశమున కషాయముగా త్రాగుదురు. అచ్చటి జనులు దీనిని రాతిని పగులగొట్టు మొక్కగా పిలుచుకొందురు. మధుమేహమునకును దీనిని వాడువారు గలరు. ఇవి వేరు ప్రస్తావములు. రక్తమందలి చక్కెరను కొంత దించు స్వభావము దీనికి గలదని కొన్ని పరిశీలనలు సూచించుచున్నందున, చక్కెరవ్యాధికి మాత్రలు పుచ్చుకొనువారు తమ వైద్యునకు చెప్పకుండ ఈ పసరును త్రాగరాదని మాత్రము చెప్పి విడిచెదను.

అపకారమును గూర్చి కొంత నిలిచి మాటాడవలెను. కొలది దినములు, కొలది మోతాదున పుచ్చుకొన్నచో నేలయుసిరిక స్వతః విషము కాదు. మద్రాసు పరీక్షయందును చెప్పుకోదగిన దుష్ఫలితము లేదనియే వ్రాసిరి. కాని వనమూలిక గనుక హానిచేయదను నమ్మకమును తిప్పతీగ కథ కొంత సడలించినది. కామెర్లకు చరకుడు చెప్పిన ద్రవ్యములలో ఒకటైన ఆ తీగను, 2020 - 21 మహమ్మారి కాలమున జనులు రోగనిరోధకశక్తికని నెలల తరబడి విచ్చలవిడిగా త్రాగగా, ముంబై వైద్యులు ఆరుగురు రోగులలో కాలేయము దెబ్బతిన్నదని ప్రకటించిరి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ దానిని ఖండించుచు, రోగులు వాడినది దాని పోలికగల వేరొక జాతి కావచ్చుననెను. ఎవరి మాట నిజమైనను గృహస్థునకు కలుగు చిక్కు ఒక్కటే. మొక్కయే హాని చేసెనో, మొక్కను పోల్చుకొనుటలో పొరపాటే హాని చేసెనో, చెడినది కాలేయము. అదిగాక పూర్వపు పొలముగట్టు వేరు, నేటి పొలముగట్టు వేరు. కలుపుమందు చల్లిన మళ్ళ ప్రక్కన, క్రిమిసంహారిణి పడిన గట్టున మొలచిన మొక్కను కాలేయరోగికి నూరిపోయుట సాహసము. పథ్యమును గూర్చియు ఒక మాట. నూనెయు పప్పును మాన్పించి వారముల తరబడి రోగిని శుష్కింపజేయుటవలన ప్రయోజనము లేదని నేటి వైద్యుల మతము. రుచించినంత మేర బలకరమైన ఆహారము తినవచ్చును. ఇక చలువచేయునని బాటప్రక్కన త్రాగించు చెరకురసము, అందులోని మంచుగడ్డ మంచినీటిది కానిచో, ఏ క్రిమివలన కామెర్లు వచ్చెనో ఆ క్రిమినే మరొకనికి పంచిపెట్టగలదు.

ఐనను పసరువలన కలుగు హానిలో పెద్దపాలు మొక్కది కాదు, గడచిపోయిన దినములది. గర్భిణి విషయము చూడుడు. ఇతరులయందు సుసాధ్యమైన ఇ తెగ కామెర్లు నిండునెలల గర్భిణికి ప్రాణాపాయకరములు. అట్టివారిలో నూటికి ఇరువదిమంది వరకు మరణించుట కొన్ని చోట్ల కనబడినది. ఆమెకు ఏడు దినముల మందని చెప్పి ఇంటనుంచుట ఎట్టిదో వేరుగ చెప్పవలెనా? క్షయరోగమునకు మందులు తినుచున్నవానికి కన్నులు పచ్చబడినచో ఆ మందులే కారణము కావచ్చును. వానిని వెంటనే ఆపించి మార్పింపవలసినవాడు వైద్యుడు, పసరు కాదు. మలము తెల్లబడి, ఒడలంతయు దురదపెట్టుచు, కామెర్లు నానాటికి ముదురుచున్న వృద్ధునకు నాళము మూసికొనియున్నదేమోయని చూడవలెను. మాట తడబడి, నిద్రమత్తు పుట్టి, చేతులు వణకి, చిగుళ్లనుండి రక్తము కారినచో కాలేయము పూర్తిగా విఫలమగుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు గంటలు సైతము విలువైనవి.

పసిబిడ్డల కామెర్లు ప్రత్యేకముగా చెప్పదగినవి. పుట్టిన రెండవ మూడవ దినమున అనేక శిశువులు పచ్చబడుదురు. వారము రెండువారములలో ఆ పసుపు తానే పోవును. మన ముసలమ్మలు ఇట్టి బిడ్డను ఉదయపుటెండలో కొంతసేపు పరుండబెట్టుట అలవాటు. ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రియందు ఒక నర్సు పసిపిల్లలను ఎండలోనికి తీసికొనిపోవుచు, వెలుతురు తగిలినచోట చర్మపు పసుపు తగ్గుటను గమనింపగా, దానినుండియే 1958లో దీపకాంతి చికిత్స వెలువడినది. నేడు అనేక ప్రసూతి ఆసుపత్రులలో నీలికాంతి దీపము గలదు. ఇట్టి సామాన్య గమనికను శాస్త్రము చేపట్టి, కొలిచి, మోతాదు కట్టి, ఎవరికి వలయునో ఎవరికి చాలదో నిర్ణయించిన తీరునకు ఇంతకంటె మంచి యుదాహరణము నా యెరుకలో లేదు. నేలయుసిరికకు ఆ భాగ్యము ఇంకను పట్టలేదు. కాని పుట్టిన రెండువారముల తరువాతను పసుపు పోక, మలము సున్నము వలె తెల్లగానున్న శిశువునకు ఎండయు చాలదు, పసరును తగదు. అది పైత్యనాళములు పుట్టుకతో మూసికొనిపోయిన వ్యాధి కావచ్చును. జపాను శస్త్రవైద్యుడు మోరియో కసాయి కనిపెట్టిన శస్త్రచికిత్స రెండు నెలలు నిండకముందే జరిగినచో ఫలితము మెరుగు. ఆ రెండు నెలలలో ఎన్ని ఆదివారములు మందిచ్చు ఇంటిముంగిట గడచిపోవునో ఊహించుకొనుడు.

బి తెగ క్రిమి విషయమున తెలుగునాడు లోకమునకు ఇచ్చినది ఆకు కాదు, టీకా. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో మొట్టమొదటి స్వదేశీ హెపటైటిస్ బి టీకాను వెలువరించి, అంతవరకు సామాన్యునకు అందని ధరలో నున్న దానిని అందుబాటులోనికి తెచ్చిరి. 2011 నాటికి అది దేశమందలి శిశువులందరి టీకాల పట్టికలో చేరినది. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము ద్వారా బి, సి క్రిముల పరీక్షలును మందులును ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా ఇచ్చుచున్నారు. ఇవి లభ్యములైన కాలమున బి క్రిమి గలవాడు పసరుతో ఏండ్లు గడపి, కాలేయము గట్టిపడిన తరువాత వచ్చుట దుస్సహము.

ఇన్ని చెప్పియు, మందిచ్చు ఇండ్లను మూయించవలెనని నేను కోరను. ఆ ఇండ్లకు ఏ ఆరోగ్యకేంద్రమునకును లేని యొక సదుపాయము గలదు: ఊరిలో కన్నులు పచ్చబడినవాడు మొట్టమొదట పోవునది అచ్చటికే. ఆ పెద్దలు మందు ఇచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగ నేర్చినచో, అనగా మలము రంగేమి, గర్భిణివా, వేరే మందులేమైన తినుచున్నావా, ఎన్ని దినములైనదని అడిగి, తగనివారిని ఆనాడే ఆసుపత్రికి త్రోవ చూపినచో, చరకుడు చేసిన నిదానములో కొంతయైన మరల ఊరికి వచ్చినట్లగును. ఇంకొక యుపకారమును వారివలననే కావలెను. శ్రావణ భాద్రపదములలో ఒకే వీధినుండి వారమునాళ్లలో ముగ్గురు నలుగురు పచ్చని కన్నులతో వారి గుమ్మమెక్కినచో, ఆ సంగతిని ఆరోగ్యకేంద్రమునకు తెలిపిన చాలును. ఆ వీధి కుళాయిగొట్టము ఏ మురుగుకాలువ గుండా పోవుచున్నదో, ఎచ్చట పగిలియున్నదో త్రవ్విచూచుటకు పంచాయతీవారికి మరునాడే వీలగును.